చిత్రావతి ఒడ్డున టక్కుమనే సెట్టు

1984లో నేను హిందూపురంలో వైర్‌లెస్ సెట్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. యూనిట్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. పారిశ్రామికవాడ చివర ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, కరెంటు తీరును తెరమీద గీతగా చూపే ఒక పాత ఆసిలోస్కోపు, మా ఇంజనీరు నరహరి సారు, ఆయన చేతికింద మేము కొందరం. ఎండాకాలంలో ఆ షెడ్డులో సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందా లేదా అని చూసుకునే పనే ఉండేది కాదు. మాది గుడిబండ దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. నరహరి సారుది రొళ్ల. కన్నడం, తెలుగు కలిపి దంచేవారు. మనిషి వెన్న. పని దగ్గర మాత్రం మహా మొండి. తాను చేసిన సెట్టులో అక్కర్లేని శబ్దం చీమంత వినబడినా ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు మాకొచ్చిన పని, చిత్రావతి ఒడ్డు పల్లెలకు వరద కబురు వినిపించే రిసీవర్లు చేసివ్వడం. ఏడాదిలో ఎక్కువ నెలలు చిత్రావతి అంటే ఇసుకే. బండ్లు ఆ ఇసుకలోనే అడ్డం పడి పోతాయి, సంతకు పోయేవాళ్ళు దాటుతారు, ఆడవాళ్ళు చెలమలు తవ్వి నీళ్ళు తోడుకుంటారు. పైన ఎక్కడో వాన దంచికొట్టి చెరువులు నిండి మరవ పారితే, అంటే అలుగు పొంగితే, ఇక్కడ నెత్తిమీద ఎండ కాస్తుండగానే నీళ్ళు వచ్చి పడతాయి. దాన్నే మావాళ్ళు ‘ఏరొచ్చింది’ అంటారు. ఇక్కడ చినుకు పడదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అదే దాంతో వచ్చిన చిక్కు.

ఏర్పాటు సులువైనదే. ఎగువ చెరువు మరవ పోతే పెనుకొండ ఆఫీసుకు ఫోను వస్తుంది. పెనుకొండ కొండమీద మా ట్రాన్స్‌మిటర్. అక్కడి ఆపరేటరు మైకులో చెబితే ఒడ్డు పల్లెల్లో మా రిసీవర్లు ఆ మాటను గట్టిగా వినిపిస్తాయి. రిసీవర్ తిరిగి మాట్లాడలేదు, వినడమే దాని పని. పల్లెకొక మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

తాడిమర్రి వైపు ఒక పల్లెకు నేనూ, నరహరి సారూ సెట్టు పెట్టడానికి వెళ్ళాం. ఎవరింట్లో పెడదామని అడిగితే పెద్దమనుషులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అది బుస్సుమంటాంటే నిద్ర పట్టదప్పా,” అన్నాడొకాయన.

“ఆ బ్యాటరీ మోసేదెవురు? నా నడుము పడిపోయిండాది,” అన్నాడు ఇంకొకాయన. ఆయన నడుము నిక్షేపంగా ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. దూదేకుల హుసేనమ్మ. ఆమె, భర్త దస్తగిరి పరుపులు, దిండ్లు కుట్టి సంతల్లో అమ్ముకుంటారు. ఊళ్ళో ఏటికి అందరికన్నా దగ్గర ఇల్లు వాళ్ళదే. వసారా నిండా దూది, మధ్యలో దూదేకే విల్లు.

“మా ఇంట్లో పెట్టండి సార్. నేను చూసుకుంటా,” అంది.

“నీకెందుకమ్మా ఈ తలనొప్పి?” అని సారు అడిగారు.

ఆమె ఏటివైపు చెయ్యి చూపించింది. “మా యక్క ఈడ్నే పోయింది సార్. సంతకు పోతాండె. పైన ఎండ ఫెళఫెళా కాస్తాండె. ఏరొస్తాదని ఎవురనుకుంటారు? నేను గట్టు మీద నిలబడి చూస్తానే ఉన్న్యా. అరిచినా వినపళ్ళ్యా. అప్పట్నించి వానకాలం వచ్చిందంటే నాకు కన్ను మూతపడదు. పండుకున్న్యా చెవి ఏటికాడ్నే ఉంటాది. సంతనాడైతే పని కూడా పెట్టుకోను, గట్టు మీద కూచోని ఎగువకే చూస్తాంటా.”

“పిచ్చిదప్పా అది,” అని పక్కనున్నాయన మెల్లగా నాతో అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. సెట్టు ఆమె వసారాలోనే పెట్టాం.

మొదట పెట్టిన సెట్లు పాతరకం. పొద్దస్తమానం తెరుచుకునే ఉండి బుస్సుమంటూ ఉండేవి. రిసీవర్‌కు మాట వినడం ఖర్చు కాదు, వినడానికి కాచుకుని ఉండటమే ఖర్చు. ఎప్పుడో ఒకసారి వచ్చే పిలుపు కోసం పగలూ రాత్రీ బ్యాటరీ తాగుతూ కూర్చుంటుంది. ఆ పల్లెల్లో కరెంటుకు నమ్మకం లేదు గనక కారు బ్యాటరీ ఇచ్చాం. వారం తిరిగేసరికి అది చచ్చేది. దాన్ని బస్సు టాపు మీద వేసుకుని ధర్మవరం తీసుకెళ్ళి చార్జింగ్ పెట్టించాలి. అది తిరిగి వచ్చేదాకా సెట్టు మూగదే. ఇదంతా ఎందుకని చాలా పల్లెల్లో సెట్టు ఆపేసి పెట్టుకున్నారు. వాన వచ్చేటట్టుంటే వేసుకుంటాంలే అనుకున్నారు. వాన వాళ్ళ ఊళ్ళో పడదన్నదే కదా అసలు సంగతి! హుసేనమ్మ మాత్రం ఒక్కనాడూ ఆపలేదు. బ్యాటరీ ధర్మవరం పోయిన రోజుల్లో ఆమె మళ్ళీ గట్టెక్కి కూర్చునేది.

పని అప్పగించిన ఆఫీసరు మొహం మీదే చెప్పేశాడు. “వానలు ముదిరేలోగా ఈ బ్యాటరీ గొడవ తేల్చండి. లేకపోతే సెట్లన్నీ పీకి తీసుకుపోండి.”

తిరిగి వస్తూ బస్సులో నరహరి సారు, “సెట్టును పండబెట్టల్లప్పా వెంకటేశూ,” అన్నారు.

“పండుకుంటే పిలుపెట్ల వింటాది సార్?”

“కోడికునుకు! పండుకోవల్ల, లేయల్ల. లేసి ఒకసారి చెవి పెట్టల్ల, ఏమీ లేకుంటే మళ్ళీ పండుకోవల్ల. పిలుపుంటే మాత్రం లేసి కూచోవల్ల.”

దీన్ని బ్యాటరీ సేవర్ అంటారు. పైదేశాల్లో జేబు పేజర్లలో ఇలాంటిది అప్పటికే వాడుతున్నారని సారు చదివారు. చెప్పడానికి తేలికే. చెయ్యబోతే మాకు తలప్రాణం తోకకొచ్చింది. సెట్టు ఎంతసేపు పడుకుంటే అంత మిగులు. కానీ ఎక్కువసేపు పడుకుంటే పిలుపు మొదటిమాట నిద్రలోనే పోతుంది. ఆఫీసరేమో నిద్ర ఇంకా పొడిగించమన్నాడు, ఆపరేటరు బటన్ నొక్కి అంతసేపు ఆగి మాట్లాడతాడులే అన్నాడు. సారు ససేమిరా ఒప్పుకోలేదు.

“ఏరొస్తాందని తెలిసినోడు మైకు పట్టుకోని ఆగుతాడా సార్? నొక్కంగానే అరుస్తాడు. ఆగే పని మనిషికి పెట్టకూడదు,” అన్నారు. చివరికి సెట్టు రెండు సెకన్లకోసారి లేచేటట్టు, ఆపరేటరు బటన్ నొక్కగానే ట్రాన్స్‌మిటరే ముందు కాసేపు కూత పంపి ఆ తర్వాతే మైకు తెరిచేటట్టు చేశారు. ఆ కూతలో సెట్టు లేచి కూర్చుంటుంది. అరిచేవాడు ఎంత తొందరపడి అరిచినా మాట వృథా కాదు.

అయినా అనుకున్నంత మిగలలేదు. కారణం ఏమిటంటే సెట్టు లేవడానికే చాలాసేపు తీసుకుంటోంది. లోపల కెపాసిటర్లు ఉంటాయి. కరెంటును కాసింత నింపుకుని దాచిపెట్టే పాత్రలు అనుకోండి. ప్రతిసారీ అవి ఖాళీ అయి, మళ్ళీ నిండితేగాని సెట్టుకు చెవి రాదు. వినడానికి చిటికెడు సమయం చాలు, ఒళ్ళు విరుచుకోవడానికే దానికి అంతకు ఎన్నో రెట్లు పడుతోంది. ఆ విరుచుకునేంతసేపూ బ్యాటరీ ఖర్చే.

సారు బల్ల దగ్గర పాతుకుపోయారు. పిలిచినా పలకరు, టీ పెడితే చల్లారిపోతుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నావైపు తిరిగి, “మీ నాయన మోటారుకు ఫుట్‌వాల్వు ఉండాదా?” అని అడిగారు.

“ఉండాది సార్. ఎందుకిప్పుడు?”

“అది కారిపోతే ఏం చేస్తాడు మీ నాయన?”

“ఏం చేస్తాడు, కరెంటు వచ్చినపుడల్లా బిందెలు బిందెలు నీళ్ళు పైపులో పోస్తాడు, ఇంటిల్లిపాదినీ తిడతాడు. వాల్వు బాగుంటే పైపు నిండుగానే ఉంటాది, బటన్ నొక్కంగానే నీళ్ళు దూకుతాయి.”

“మన సెట్టుకు ఫుట్‌వాల్వు లేదప్పా, అదే కొదవ!” అని బల్ల మీద ఒక్కటి చరిచారు. స్క్రూలన్నీ కింద పడ్డాయి.

ఆయన చేసింది ఇది. సెట్టు పడుకున్నప్పుడు అన్నింటినీ ఆపెయ్యకుండా, కెపాసిటర్లకు మాత్రం సన్నటి దారిలో కొంచెం కొంచెం కరెంటు అందుతూ ఉండేటట్టు పెట్టారు. అవి నిండుగానే ఉంటాయి. అక్కర్లేని పెద్ద కెపాసిటర్లు తీసేసి చిన్నవి వేశారు. తరంగానికి సరిగ్గా శ్రుతి పట్టే క్రిస్టల్ అనే భాగం లేవడానికి బద్ధకిస్తుంది, కానీ మేలుకుని ఉంటే తినేది చాలా తక్కువ. దాన్ని ఎప్పుడూ మేలుకునే ఉంచారు. తిండిపోతులను పడుకోబెట్టారు, అల్పాహారిని కాపలా పెట్టారు. అంతే, సెట్టు రెప్పపాటులో లేవడం మొదలుపెట్టింది. వారానికోసారి ధర్మవరం ప్రయాణం కట్టే బ్యాటరీ నెల దాటినా నిలబడింది. ఆ రోజు నాకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. నిజంగానే వంగాను, “పనిచూడప్పా” అని కసిరారు.

ఒక్క చిక్కు మిగిలింది. సెట్టు లేచినపుడల్లా స్పీకరు ‘టక్’ మనేది. కరెంటు ఒక్కసారిగా అందుకోవడం వల్ల వచ్చే చిన్న తట్టు. అది ఉన్న ట్రయల్ సెట్టును కొద్దిరోజులు తాడిమర్రిలో నడిపి చూశాం, ఇబ్బందేమీ రాలేదు. కానీ నరహరి సారుకు అది పంటికింద రాయి. చెప్పాను కదా, శబ్దమంటే ఆయనకు పడదు. ట్రాన్సిస్టర్ అనే మూడుకాళ్ళ బుల్లి భాగం ఇంకొకటి పెట్టి సెట్టు లేచే క్షణంలో స్పీకరు నోరు నొక్కేశారు. ఇప్పుడు పిలుపు వస్తే తప్ప సెట్టుకు ఉలుకూ లేదు పలుకూ లేదు. మేమంతా మురిసిపోయాం. ఆ సెట్లనే పల్లెలకు పంపాం.

ఇక చూడండి తమాషా! వారం తిరగకముందే కబుర్లు మొదలయ్యాయి. ఒక పల్లెలో సెట్టు చచ్చిపోయిందనుకుని నిండుగా ఉన్న బ్యాటరీని ధర్మవరం పంపారు. ఆ చార్జింగు షాపాయన ఏమీ అనకుండా ఇంకో దినం చార్జింగ్ పెట్టి పంపించాడు. ఇంకో పల్లెలో ఇంకా ఘనకార్యం చేశారు. సెట్టు ఎట్లా పలకడం లేదు, బ్యాటరీ ఊరికే పడుందని దాన్ని పెళ్ళివారి మైకుసెట్టుకు తగిలించారు. నేను పోయేసరికి మూడో పూట పాటలు నడుస్తున్నాయి. “నీ డబ్బా కంటే ఇది బాగా పలుకుతాంది కదప్పా!” అని నన్నే ఎకసెక్కం చేశారు.

హుసేనమ్మ నుంచి కూడా కబురొచ్చింది. బస్సు కండక్టరు చేత చెప్పి పంపింది. “మీ డబ్బా సచ్చిపోయిండాది, వచ్చి చూడండి.”

నరహరి సారుకు ఒళ్ళు మండింది. తానే బయల్దేరారు, వెంట నన్ను లాక్కుపోయారు. ముందే చెప్పిపెట్టిన టైముకు పెనుకొండనుంచి పిలిపించి చూస్తే సెట్టు గంటలా మోగింది. ఏ లోపమూ లేదు.

“చూస్తివి కదమ్మా, బంగారంగా పనిచేస్తాంది,” అన్నారు సారు.

“ఇప్పుడు చేస్తాంది సార్. మీరు పోయినాంక చేస్తాందో లేదో నాకెట్ల తెలుస్తాది?”

“పిలుపొస్తే మోగుతాదమ్మా!”

“పిలుపొచ్చి అది మోగకపోతే? మోగలేదని అది నాతో చెప్తాదా?” అంది హుసేనమ్మ. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “ముందుది బుస్సుమంటాండె. ఆ బుస్సు వింటా కొంచేపు కన్ను మూస్తాంటి. దీన్ని తెచ్చినాంక మళ్ళా గట్టు మీదికే పోతాండా. తాడిమర్రిలో మీరు పెట్టిండేదాంట్లో టక్కు టక్కుమంటాండె కదా, మా ఆయప్ప చెప్పినాడు. ఆ టక్కు నాకియ్యండి సార్.”

“అది లోపమమ్మా! నాయిస్ అంటారు దాన్ని. దాన్ని తీసేదానికి నేను ఎంత తిప్పలు పడినానో నీకు తెలీదు.”

“మీకు లోపమేమో సార్. నాకది ఊపిరి మాదిరి. పసిబిడ్డ పండుకుంటే మనం ముక్కుకాడ చెయ్యి పెట్టి చూస్తామే, అట్ల.”

దస్తగిరి వెనకనుంచి, “సారుతో ఏం వాదిస్తావే!” అని గదమాయించాడు. ఆమె కదల్లేదు. సారు కూడా కదల్లేదు. నేనైతే ఇప్పుడు ఆయన నోటినుంచి ఏం ఊడిపడుతుందోనని బిక్కచచ్చి ఉన్నాను. ఆయన చెయ్యి చాచి, “వెంకటేశూ, కటింగ్ ప్లయర్ ఇయ్యప్పా,” అన్నారు. పెట్టె మూత తీసి, అంత కష్టపడి పెట్టిన ఆ ట్రాన్సిస్టర్ కాళ్ళు కత్తిరించి పక్కన పడేశారు.

టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్.

హుసేనమ్మ నవ్వింది. నేను ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి. సారు మొహంలో ఓడిపోయిన ఛాయ లేదు. “పెద్దగుండాదా? తగ్గించమంటావా?” అని బుద్ధిగా అడిగారు, ఆమె చెప్పినట్టల్లా స్క్రూ తిప్పారు. నాకు తెలిసిన ఇంజనీర్లలో ఎంతమంది అట్లా చేస్తారు? తన బిడ్డకు వంక పెడితే ఊరుకోని మనిషి, ఆ వంకే ఒకరికి అవసరమని తెలిసి మళ్ళీ తగిలించి వచ్చారు. ఆ వారంలోనే మిగిలిన సెట్లన్నింటికీ అదే చేశాం. బ్యాటరీలు పెళ్ళిళ్ళకు పోవడం ఆగిపోయింది.

వానలు ముదిరాక ఒక సంతరోజున బ్యాటరీలు చూడటానికి నేనొక్కణ్ణే ఆ పల్లెకు వెళ్ళాను. ఆకాశంలో మబ్బుతునక లేదు. దస్తగిరి సైకిలు వెనక పరుపులు కట్టుకుని అప్పటికే ఏట్లో దిగాడు. వసారాలో హుసేనమ్మ దిండు కుడుతూ కూర్చుంది. సంతరోజున ఆమె గట్టు వదిలి ఇంటిపట్టున పని చేసుకోవడం చూసి నాకు సంతోషమనిపించింది. నాకు టీ ఇచ్చి, సెట్టు ఎట్లుందని అడిగితే, “వాని పాటికి వాడు టక్కుమంటాండాడు,” అంది.

నేను టీ తాగుతూ ఏదో చెబుతున్నాను. ఆమె చేతిలో సూది ఆగింది.

“సార్, ఆగండి,” అంది.

“ఏమమ్మా?”

“టక్కు లేదు.”

నిజం చెబుతున్నాను, నాకు తెలియనేలేదు. నేను సెట్టు చేసినవాణ్ణి, నా పక్కనే ఉంది, నేను నా కబుర్లలో ఉన్నాను. చూస్తే బ్యాటరీ టర్మినల్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని క్లిప్పు వదులైపోయింది. యాసిడ్ బ్యాటరీలకు ఇది మామూలే. వేడినీళ్ళు పోసి, బ్లేడుతో గీకి, క్లిప్పు బిగించాను. టక్. హుసేనమ్మ హమ్మయ్య అంటూ మళ్ళీ సూది అందుకుంది.

ఆ దిండు అంచు పూర్తికాకముందే సెట్టు కూసింది. వెంటనే పెనుకొండ ఆపరేటరు గొంతు, ఆయాసపడుతూ, “ఎగువ చెరువు మరవ పోతాంది. ఏరొస్తాంది. ఏట్లో ఎవురూ ఉండద్దు. ఏరొస్తాంది!” అని. మొదటి మాటనుంచి చివరి మాటదాకా ఒక్క అక్షరం పోకుండా వినిపించింది. ఆయన బటన్ నొక్కి ఒక్క క్షణమైనా ఆగలేదని ఆ గొంతులోనే తెలుస్తోంది.

హుసేనమ్మ అప్పటికే వసారాలో లేదు. చూరుకు కట్టిన రైలుపట్టా ముక్కను దబదబా బాది, గట్టెక్కి అరవడం మొదలుపెట్టింది. నేను వెనకే పరుగెత్తాను. ఏట్లో సంతకు పోయేవాళ్ళు పదీ ఇరవై మంది. నడిమధ్యలో ఇసుకలో చక్రం దిగబడి ఆ ఊరి రైతు ఓబులేసు బండి నిలిచిపోయింది. దాంట్లో శనక్కాయ మూటలు, మూటల మీద అతని చిన్నకూతురు నిద్రపోతోంది. దస్తగిరి సైకిలు పక్కన పడేసి చక్రానికి భుజం పట్టాడు.

“ఏరొస్తాంది, రాండప్పా! బిన్నా రాండి!” అని హుసేనమ్మ గొంతు చించుకుంటోంది.

ఓబులేసు ఆకాశంవైపు చూసి నవ్వాడు. “ఆయమ్మకు మళ్ళా పిచ్చి లేసిందిరో! చుక్క వాన లేదు, ఏరెట్లొస్తాది? చక్రం పైకి రానీ, వస్తాం.”

కొందరు ఒడ్డుకు నడిచారు. కొందరు నిలబడి చూస్తున్నారు. “సెట్టులో చెప్పినారు, నిజమే, రండి!” అని నేనూ అరిచాను. ప్యాంటు వేసుకున్న పరాయివాడి మాట ఎవరు వింటారు? హుసేనమ్మ అరుపు ఆపి గట్టు దిగింది. ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే పరుగెత్తుకుంటూ పోయి ఆ బండి ముందర, ఎద్దులకు అడ్డంగా చతికిలబడి కూర్చుంది.

“మీరు పోకుంటే నేనూ పోను. ఈడ్నే ఉంటా. నా యక్క పోయిన జాగాలోనే నేనూ పోతా. ఊళ్ళోకి పోయి నువ్వే చెప్పుకో ఓబులేసూ, ఒక ఆడదాన్ని ఏట్లో ఇడిసి వస్తి అని!”

దస్తగిరి ఆమె మొహం చూశాడు. అంతే, చక్రం వదిలేసి కాడిపట్టెలు విప్పడం మొదలుపెట్టాడు. “ఎద్దుల్ని తోలప్పా! బిడ్డనెత్తుకో! బండి పోతే పోయె!” అని ఓబులేసును ఒక్క తోపు తోశాడు. ఓబులేసు తిట్టుకుంటూనే కూతుర్ని భుజాన వేసుకున్నాడు. ఆ పిల్లకు మెలకువ కూడా రాలేదు. అందరూ ఒడ్డు ఎక్కాకగాని హుసేనమ్మ లేవలేదు. దస్తగిరి ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

ఓబులేసు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, అంతలో చప్పుడు వినిపించింది. ముందు చప్పుడే, తర్వాత ఎగువ మలుపులో ఎర్రటి నురుగు, కంపచెట్లు, ఎవరిదో గడ్డివాము. మేం చూస్తుండగానే బండి లేచి పక్కకు ఒరిగింది, శనక్కాయ మూటలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. దస్తగిరి పరుపులు విప్పుకుని తెల్లగా తేలుతూ పోయాయి. ఓబులేసు కూతుర్ని గట్టిగా పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. తర్వాత హుసేనమ్మ కాళ్ళమీద చెయ్యి పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది. భర్త వీపు మీద రెండు చేతులతో బాదుతూ, “సైకిలు పడేసి బండి పట్టుకుంటివి కదరా, నాకెవురుండారురా!” అని వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

మర్నాడు హిందూపురంలో నరహరి సారుకు జరిగిందంతా చెప్పాను. ఆయన ట్రాన్స్‌మిటర్ గురించి అడగలేదు, బ్యాటరీ గురించి అడగలేదు.

“క్లిప్పు ఊడింది ఆయమ్మకు ఎప్పుడు తెలిసింది?”

“ఊడంగానే తెలిసింది సార్. నాకు తెలీలేదు.”

“నేను పెట్టిన ట్రాన్సిస్టర్ దాంట్లో ఉండుంటే ఎవురికీ తెలిసేది కాదు,” అన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత మేం చేసిన ప్రతి రిసీవరుకూ ఆయన ఆ టక్కును కావాలనే ఉంచారు. కొనేవాళ్ళు ఇదేం నాయిస్ అని అడిగితే, “ఉండనీండి సార్, దాంతో పనుండాది,” అనేవారు.

ఆ వానాకాలం పోకముందే ఇంకోసారి ఆ పల్లెకు వెళ్ళాను. అదీ సంతరోజే. మిట్టమధ్యాహ్నం. వసారాలో పిలిస్తే ఎవరూ పలకలేదు. తొంగిచూస్తే హుసేనమ్మ దూది కుప్పకు ఒరిగి, నోరు కొంచెం తెరుచుకుని ఒళ్ళెరక్కుండా నిద్రపోతోంది. పక్కనే సెట్టు టక్కుమంటోంది.

మా వృత్తిలో కరెంటు ఎంత మిగిలిందో కొలవడానికి మీటరు ఉంది. సెట్టు ఎంత తొందరగా లేస్తుందో చూడటానికి ఆసిలోస్కోపు ఉంది. మేం చేసిన పని దేనికో ఆ రెండింటిలోనూ నాకు కనపడలేదు. ఆ యంత్రానికి నిద్ర నేర్పడానికి అన్ని తిప్పలు పడ్డాం, మాకు తెలియకుండానే ఏళ్ళ తరబడి నిద్రలేని ఒక మనిషికి నిద్ర ఇచ్చాం. బ్యాటరీ చూడటానికి వెళ్ళినవాణ్ణి, చూడలేదు. క్లిప్పు తడిమితే టక్కు ఆగుతుంది, టక్కు ఆగితే ఆమె లేస్తుంది. చెప్పులు చేతిలో పట్టుకుని మెల్లగా బయటికి వచ్చి బస్సెక్కాను.